మండలి వారి మోకాలు

నా ఎడమ మోకాలు ప్రభుత్వ ఆస్తి అన్న సంగతిని నాకు మొట్టమొదట తెలియజేసినవారు శ్రీ పానకాలరావు గారు. అంతవరకూ అది నాదేనని అనుకుంటూ వచ్చాను. పుట్టినప్పటి నుంచీ నాతోనే ఉండడం వల్ల కలిగిన భ్రమ కావచ్చు.

విషయాన్ని మొదటి నుంచి చెప్పడం న్యాయం. బెజవాడ ఆటోనగర్‌లో, లారీలకు బాడీలు కట్టే షెడ్ల వెనక, లోహిత అనే అమ్మాయి ఒక చిన్న సంస్థ నడుపుతోంది. ఒకప్పుడు నా దగ్గర ఏడో తరగతి చదివిన పిల్ల. అరిగిపోయిన మోకాలి కీలులో అమర్చడానికి చింతగింజంత మెత్తని దిండు ఒకటి తయారుచేసింది. నొక్కితే అణుగుతుంది, వదిలితే లేస్తుంది. చుట్టుపక్కల మెకానిక్కులు దాన్ని బుష్ అంటారు. లారీకి ఉన్న సదుపాయం మనిషికి ఎందుకు ఉండకూడదన్నది లోహిత ప్రశ్న.

కొత్త చికిత్సలు కనిపెట్టే చిన్న సంస్థలకు చేయూతనివ్వడానికి ప్రభుత్వం నెలకొల్పిన వైద్య ఆవిష్కరణల ప్రోత్సాహక మండలి ఆ ప్రశ్నను మెచ్చుకుని నిధులు మంజూరు చేసింది. పథకంలో మూడు దశలు. మొదటి దశలో ఒక్క మోకాలు. అది బాగుపడితే రెండో దశలో మరికొన్ని మోకాళ్ళు. మూడో దశలో, ఏ సంబంధమూ లేని వారు కూడా బహిరంగంగా వెలకట్టి కొంటారని రుజువైతే, దేశంలోని మోకాళ్ళన్నీ.

మొదటి దశ మోకాలు నాది. రెండో దశలో మొదటి పేరు నాంచారమ్మది. ఆమె మా వీధి మలుపులో ఆకుకూరలు అమ్ముతుంది. పొద్దున్నే గోనెపట్టా మీద కూర్చుంటే, మధ్యాహ్నం లేవడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆ ఇద్దరూ దొరకని రోజున చీకటి పడేదాకా అక్కడే ఉండి, వాడిపోయిన తోటకూరతో కబుర్లు చెబుతుంది. న్యాయంగా అయితే మొదటి అవకాశం ఆమెకే రావలసింది. కాని సమ్మతి పత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉండడం వల్ల, దానిని చదివి అర్థం చేసుకోగల మోకాలే కావాలని మండలి పట్టుబట్టింది. "ముందు నేను చేయించుకుంటాను, వెంటనే నీ వంతు," అని నాంచారమ్మకు మాట ఇచ్చాను. మాట ఇచ్చి తప్పడం మా కాన్వెంటు సిస్టర్లు నేర్పిన విద్యల్లో లేదు.

ఆపరేషన్ అయింది. మోకాలు బాగుపడింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక ఆదివారం చర్చిలో అందరితోపాటు మోకరిల్లాను. అంతకుముందు అందరూ మోకరిల్లినప్పుడు నేనొక్కదాన్నే బల్ల మీద నిటారుగా కూర్చుని, దేవుడికి పాఠం అప్పజెప్పమంటున్నదానిలా కనబడేదాన్ని.

మర్నాడు మోకాలు చూపించుకుందామని లోహిత షెడ్డుకి వెళ్ళాను. పానకాలరావు గారు అప్పటికే అక్కడున్నారు. మండలిలో ఆస్తుల తనిఖీ అధికారి. వెంట సైదులు అనే అటెండరు, అతని చేతిలో తెల్ల ఎనామిల్ పెయింటు డబ్బా, సన్నని బ్రష్షు. ప్రభుత్వ కార్యాలయాల్లో కుర్చీల వీపుల మీద తెల్లని అంకెలు ఎలా పుడతాయో అందరికీ తెలిసిందే.

"మండలి నిధులతో సమకూర్చుకొనబడిన ఆస్తుల భౌతిక తనిఖీ," అన్నారు పానకాలరావు గారు. "బీరువా ఒకటి. ఉన్నది. మైక్రోస్కోపు ఒకటి. ఉన్నది. మోకాలి దిండు ఒకటి." ఆయన షెడ్డంతా కలయజూశారు. "దిండు ఎక్కడ?"

"టీచరుగారి మోకాల్లో ఉందండీ," అంది లోహిత.

"తీసి చూపించండి."

"తియ్యాలంటే మళ్ళీ ఆపరేషన్ చెయ్యాలండీ."

"పర్వాలేదు. భోంచేసి వస్తాను."

లోహిత చాలాసేపు వివరించింది. దిండు కీలుతో కలిసిపోయిందని, ఇప్పుడు దాన్ని విడదీస్తే రెండూ పాడవుతాయని చెప్పింది. పానకాలరావు గారు కళ్ళు మూసుకుని విని, కళ్ళు తెరిచేసరికి ఆయన ముఖంలో ఒక పూర్వోదాహరణ వెలుగుతోంది.

"గతంలో మండలి వారి సీలింగు ఫ్యాను ఒక అద్దె భవనమునందు బిగించబడినది. ఫ్యాను తీసినచో స్లాబు ఊడునని ఇంజనీరు నివేదించారు. అప్పుడు స్లాబును సైతం మండలి ఆస్తిగా నమోదు చేయుట జరిగినది. విడదీయరాని రీతిలో బిగించబడిన వస్తువును, అది దేనికి బిగించబడినదో దానితో సహా ఆస్తిగా పరిగణించవలెను."

"ఎక్కడివరకు?" అని అడిగాను.

"అర్థం కాలేదు."

"స్లాబు వరకేనా? ఇల్లు మొత్తమా?"

ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి అంచనా వేశారు. "మోకాలి వరకే. మండలికి దురాశ లేదు."

సైదులు డబ్బా మూత తీశాడు కాని, ముందుకు రాలేదు. "సారూ, నేను బల్లలకీ బీరువాలకీ ఏసేవోణ్ణి. ఈవిడ మా అమ్మ ఈడు. బ్రష్షు ఆ పాపకిస్తా, ఆ పాప ఏస్తది." కాబట్టి తెర చాటున లోహిత నా మోకాలి మీద తెల్లరంగుతో రాసింది. తెర అవతల నుంచి పానకాలరావు గారు అక్షరం అక్షరం చెప్పారు: మండలి పేరు పొడి అక్షరాల్లో, దాని కింద ఎడమ మోకాలికి గుర్తుగా ఎ.మో., దాని కింద ఒకటి. లోహిత చేతిరాత ఏడో తరగతిలో ఎంత అధ్వాన్నంగా ఉండేదో ఇప్పటికీ అంతే. ఆ విషయం అక్కడే చెప్పాను.

తర్వాత వచ్చిన చిక్కు, ఆ మోకాలు స్థిరాస్తా, చరాస్తా అన్నది. కూర్చున్నప్పుడు స్థిరాస్తి, నడిచినప్పుడు చరాస్తి అని మండలి తేల్చింది. నడిచినంతసేపూ దానికి ప్రభుత్వ వాహనాల నిబంధనలే వర్తిస్తాయి గనుక, జీపులకిచ్చే లాగ్‌బుక్కు ఒకటి ఇచ్చారు. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ ప్రయోజనం నిమిత్తం. నేను ఉన్నదున్నట్టు రాశాను. ఇంటి నుంచి నాంచారమ్మ దగ్గరికి, గోంగూర నిమిత్తం. ఇంటి నుంచి కరెంటాఫీసుకు, వీధిదీపం గురించి మందలించు నిమిత్తం. ఇంటి నుంచి చర్చికి, మోకరిల్లు నిమిత్తం.

నెల తిరగకుండా మండలి నుంచి ఆక్షేపణ వచ్చింది. లౌకిక రాజ్యమునకు చెందిన మోకాలును ఒకానొక మతమునకు చెందిన దైవము ఎదుట వంచుట తీవ్రముగా పరిగణించబడుచున్నది. సదరు మోకాలును అన్ని మతముల దైవముల ఎదుట సమాన పర్యాయములు వంచుటయో, లేక ఎవరి ఎదుటా వంచకుండుటయో చేయవలెను. ఈ ఆక్షేపణ పరిష్కారమగు వరకు రెండవ దశ నిధులు నిలుపుదల చేయబడినవి.

నేను మండలి కార్యాలయానికి వెళ్ళాను.

"కుడి మోకాలు మీ సొంతమే కదమ్మా," అన్నారు పానకాలరావు గారు, సాయం చేసే ధోరణిలోనే. "దాని మీద నిరభ్యంతరంగా మోకరిల్లవచ్చు."

"ఒక్క మోకాలి మీద వంగితే దేవుడి ముందు చెప్పులు వెతుక్కుంటున్నట్టుంటుంది."

"ఆ అంశం మండలి పరిధిలోనికి రాదు."

ఈ సంగతి నాంచారమ్మకు చెప్పవలసిన బాధ్యత నాది. చెప్పాను. ఆమె కొత్తిమీర కట్టల మీద నీళ్ళు చిలకరించడం ఆపింది.

"అంటే, మీ మోకాలు ప్రార్థన చేసిందని నా మోకాళ్ళు ఆపారా?"

"అవును."

"ఇదేం చోద్యం టీచరమ్మా. నేను మీ దేవుడికేం చేశాను?"

"దేవుడు కాదు, నాంచారమ్మా. మండలి."

"ఇద్దరూ ఒకటే. ఎంత పిలిచినా పలకరు."

"అట్లా అనకూడదు."

"దేవుణ్ణి అన్లేదులే. ఆయన కనీసం రంగు డబ్బా అట్టుకుని రాడు." ఆమె కొత్తిమీర వైపు తిరిగింది. "సర్లే, పోనీండి. కూర్చునే ప్రాణం కూర్చునే పోద్ది."

ఆమె ఆ మాటను తేలిగ్గానే అంది. నేను తేలిగ్గా వినలేకపోయాను. ఆ ఆదివారం చర్చిలో మోకరిల్లలేదు. బల్ల మీద నిటారుగా కూర్చుని మండలి నిబంధనావళి చదివాను. ఫాదరుగారు రెండుసార్లు నా వైపు చూశారు. అది జపమాల పుస్తకం అనుకుని ఉంటారు.

నిబంధనావళిలో నాకు కావలసినది దొరికింది. వివాదగ్రస్త ఆస్తిని, వివాదము తీరు వరకు, మండలి స్టోరునందు అప్పగించవచ్చును. సోమవారం పదిన్నరకు మోకాలిని తీసుకుని స్టోరుకు వెళ్ళాను.

"మంచిది," అన్నారు పానకాలరావు గారు. "మోకాలు అప్పగించి మీరు వెళ్ళవచ్చు."

"విడదీయరానిదని రాసింది మీరే."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అయినచో మీరును ఉండవలసినదే. కాని మోకాలు మినహా మిగిలిన మీరు ప్రైవేటు వ్యక్తి. ప్రైవేటు వ్యక్తులకు సందర్శన వేళలు మూడు నుంచి అయిదు వరకు. పాసు ఉండవలెను."

"మూడింటి దాకా మిగిలిన నేనెక్కడ ఉండాలి?"

"వరండాలో."

"మోకాలు?"

"స్టోరులో."

సైదులు బుర్ర ఉన్నవాడు. స్టోరు గడపకు అడ్డంగా ఒక కుర్చీ వేశాడు. నా ఎడమ కాలు గడపకు లోపల, విరిగిన బల్లల మధ్య. మిగిలిన నేను గడపకు బయట, వరండాలో. మూడయ్యాక పాసు మీద మొత్తం నేను లోపలికి వెళ్ళేదాన్ని. అయిదింటికి మోకాలిని ఇంటికి తీసుకుపోవడానికి తాత్కాలిక అనుమతి ఇచ్చేవారు, ఎందుకంటే రాత్రివేళ కాపలాదారు పోస్టు ఖాళీగా ఉంది.

ఆ వరండా గుండానే కార్యాలయంలోని వారంతా లోపలికి వెళ్ళాలి. ఎదురు గోడ మీద గడియారం ఉంది. నేను ఎవరినీ ఏమీ అనలేదు. గడియారం వైపు చూసి, వచ్చినవారి వైపు చూసి, మళ్ళీ గడియారం వైపు చూసేదాన్ని. బడి నడిపినదాన్ని, అది నా చేతిలో లేని అలవాటు. మొదటి వారం వాళ్ళు తల దించుకుని వెళ్ళారు. రెండో వారం పరిగెత్తుతూ వచ్చారు. మూడో వారానికి అందరూ వేళకు ముందే వచ్చి గేటు దగ్గర వరుసలో నిలబడడం మొదలుపెట్టారు. ఒక సూపరింటెండెంటు, ఎవరూ అడక్కుండానే, నాకు గోళ్ళు చూపించి వెళ్ళాడు.

వేళకు వచ్చినవారికి ఏం చేయాలో తోచక ఫైళ్ళు విప్పారు. ఏళ్ళ తరబడి పడి ఉన్న దరఖాస్తులకు జవాబులు వెళ్ళాయి. జవాబులు అందుకున్నవారు నమ్మలేక, నిజమో కాదో అడగడానికి స్వయంగా రావడం మొదలుపెట్టారు. కార్యాలయం తిరునాళ్ళయింది.

"టీచరుగారూ," అన్నాడు సైదులు ఒకరోజు, టీ గ్లాసు అందిస్తూ. "మీరొచ్చినకాడి నుంచి మావోళ్ళు ఒంటిగంట దాకా క్యారేజీలు ఇప్పట్లేదు. మొన్న రెడ్డిసారు ఆకలికి కళ్ళు తిరిగి పడ్డాడు."

"లోహిత ఫైలు ఏమైంది?"

"అదొక్కటే కదల్లా. మోకాలి గొడవ తీరితేగాని దాన్ని ముట్టుకోరాదంట."

ఆ సాయంత్రం పానకాలరావు గారు ఒక విరిగిన బల్ల మీద నాకెదురుగా కూర్చున్నారు. మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు. "అమ్మా, నాకు ఇంట్లో పెళ్ళాం పిల్లలున్నారు. ఆఫీసంతా నామీద పడి ఏడుస్తున్నారు. మీరు వెళ్ళిపోండి."

"మోకాలు వదిలిపెట్టి ఎలా వెళ్ళను?"

"ఒక్కటే దారి ఉంది. పనికిరాని సామానుగా తేల్చి వేలం వేయించేస్తాను."

"నాంచారమ్మ మోకాళ్ళు?"

"ఆస్తి చేయి దాటిపోతే వివాదం ఉండదు. వివాదం లేకపోతే నిలుపుదల ఉండదు."

నిరుపయోగ సామగ్రి నిర్ధారణ సంఘం వచ్చింది. ముగ్గురు సభ్యులు. మూడు కాళ్ళ కుర్చీ ఒకటి, మోటారు లేని కూలరు ఒకటి చూసిన తర్వాత నా దగ్గర ఆగారు.

"ఈ మోకాలు పనిచేయుచున్నదా?" అని అడిగారు సంఘాధ్యక్షుడు.

"దివ్యంగా పనిచేస్తోంది."

"మండలికి పనిచేయుచున్నదా?"

"లేదు."

"నిరుపయోగము," అని ఆయన సంతకం చేశారు. కుర్చీ, కూలరు, మోకాలు ఒకే వాటాగా వేలానికి ప్రకటించారు. ఆస్తిని అనుభవించినవారు గాని, తయారుచేసినవారు గాని పాట పాడరాదన్న నిబంధన ఉంది. అంటే నేనూ, లోహితా కొనడానికి వీల్లేదు. ఈ సంగతి చెబుతుంటే నాంచారమ్మ తన గోనెపట్టా మీద వింటూ కూర్చుని, "నేను అనుభవించిందేముంది, తయారుచేసిందేముంది," అంది. వేలం రోజున ఆటోలో ఆమెను తీసుకొచ్చి, కార్యాలయం ఆవరణలో నేల మీద కూర్చోబెట్టాం.

పాటకు వచ్చిన రెండో మనిషి మస్తాను, పాత ఇనుము కొనేవాడు. మండలి వేలాలన్నింటికీ అతనే వస్తాడు.

"ఇందులో ఇనుమెంత?" అని నా మోకాలి వైపు చూశాడు.

"అసలు లేదు. దిండు మాత్రమే," అంది లోహిత.

"అయినా కూలర్లో రాగి తీగుంటది," అని మస్తాను ఒక పాట పాడాడు.

పానకాలరావు గారు సుత్తి ఎత్తారు. "ఇంకెవరైనా?"

నాంచారమ్మ చెయ్యెత్తింది.

"లేచి నిలబడి పాడవలెను," అన్నారు ఆయన. "కూర్చుండి పాడిన పాట చెల్లదు. నిబంధన."

నాంచారమ్మ రెండు చేతులూ నేలకు ఆనించింది. లోహిత పరుగున వచ్చి ఒక రెక్క పట్టుకుంది. ఆమె సగం లేచి, మళ్ళీ కూలబడింది.

"ఒకటోసారి," అన్నారు పానకాలరావు గారు. "రెండోసారి."

నేను స్టోరు గడప దగ్గరి నా కుర్చీలోంచి లేచాను. ఆస్తి అనుమతి లేకుండా స్టోరు గడప దాటింది. ఆవరణ మధ్యకు నడిచి, ఎడమ మోకాలు నేలకు ఆనించి, నాంచారమ్మ రెండో చంక కింద చెయ్యి వేసి, లోహితతో కలిసి ఆమెను లేపాను. మోకాలు చక్కగా వంగింది, అంతకన్నా చక్కగా లేచింది. అంతమంది ఎదుట అది ఏ మతానికీ వంగలేదు కాబట్టి ఎవరూ ఆక్షేపించలేదు.

నిలబడ్డ నాంచారమ్మ ఊపిరి తీసుకుని, మస్తాను పాటకు పైపాట పాడింది.

"అక్కా, నీకెందుకే ఆ మోకాలు?" అన్నాడు మస్తాను.

"నాకు కాకపోతే నీకెందుకు? ఇనుప కొట్లో మూలకి పడేస్తావా ఆవిడ్ని?"

"నాకు కూలరు కావాల."

"కూలరు పట్టుకుపో. మోకాలు నాది. కుర్చీ కూడా నాదే, కొట్టు కాడ ఏసుకుంటా."

మస్తాను ఒప్పుకున్నాడు. సుత్తి పడింది. పానకాలరావు గారు చెమట తుడుచుకున్నారు. సైదులు చప్పట్లు కొట్టి, నా చూపు తగిలి ఆపేశాడు.

ఆ రాత్రే లోహిత మూడో దశ నిబంధన తీసి చూసింది. తయారుచేసినవారికీ, వాడినవారికీ సంబంధం లేని వ్యక్తి, బహిరంగ విపణిలో, పోటీ మీద కొన్నట్టు రుజువు కావాలి. అది ఇప్పుడు మండలి వారి ఆవరణలో, మండలి వారి సుత్తి కిందే జరిగింది. మండలి ఎంతగానో పొంగిపోయింది. రెండవ దశ జరగకయే మూడవ దశ విజయవంతమైనందున, ఈ అపూర్వ ప్రగతికి అవరోధము కలుగకుండుటకు, రెండవ దశను తక్షణము జరిగినట్లుగా జరిపించవలెనని ఉత్తర్వు వచ్చింది. పానకాలరావు గారికి ప్రశంసాపత్రం ఇచ్చారు.

నాంచారమ్మ రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది. ఆమె మంచం మీద ఉన్నన్నాళ్ళూ కొట్టు ఎవరు చూడాలన్న ప్రశ్నకు తావే లేకపోయింది. ఆమె ఆస్తి నా దగ్గర ఉంది. పొద్దున్నే దాన్ని తీసుకెళ్ళి మూడు కాళ్ళ కుర్చీ మీద జాగ్రత్తగా కూర్చుని ఆకుకూరలు అమ్మాను. కొసరు అడిగినవారికి 'దయచేసి' అనడం నేర్పాను. బేరం పెరిగిందో తగ్గిందో చెప్పలేను గాని, వచ్చినవారంతా వరుసలో వచ్చారు.

నాంచారమ్మ నడిచి వచ్చిన రోజున నేను లేచి నిలబడి కుర్చీ చూపించాను. ఆమె కుర్చీ వైపు చూడనైనా లేదు. గోనెపట్టా మీద దభీమని కూర్చుంది, చటుక్కున లేచింది, మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. కూరలకు వచ్చినవాళ్ళు కూరలు మర్చిపోయి చూస్తూ నిలబడ్డారు. లేచినప్పుడల్లా ఆమె పైకి దోపుకున్న చీర అంచు కింద తెల్లరంగు మెరిసింది. సైదులు డబ్బా అప్పటికే వచ్చి వెళ్ళిందన్నమాట.

జనం పలచబడ్డాక నేను అసలు విషయానికి వచ్చాను. "నాంచారమ్మా, ఇక నా మోకాలు నాకు రాసిచ్చేస్తే బాగుంటుంది."

"అదెట్లా కుదురుద్ది టీచరమ్మా," అంది ఆమె నెమ్మదిగా. "ఈ రెండూ మండలివంట. కుడిదీ వాళ్ళదే, ఎడమదీ వాళ్ళదే. నాకంటూ ఉన్న సొంత మోకాలు మీ దగ్గరున్నదొక్కటే. అదీ ఇచ్చేస్తే నాకింకేం మిగులుద్ది?"

నిబంధనావళి అంతా నాకు కంఠతా వచ్చు. ఆమె మాటకు అందులో ఎక్కడా జవాబు లేదు. న్యాయం కోరినదాన్ని, న్యాయం ఆమె వైపు ఉంది. సంచీ తీసుకుని బయలుదేరాను.

"ఇదుగో, ఆగండి," అని వెనక నుంచి పిలిచింది. "రేపు ఆదివారం కదా?"

"అవును."

"మీ గుడికి తీసుకెళ్ళండి. ఎంతసేపు వంచుకుంటారో వంచుకోండి." ఒక గోంగూర కట్ట నా సంచీలో పడేసింది. "ప్రతి ఆదివారం తీసుకెళ్ళండి. నన్నడగక్కర్లా."

మర్నాడు అందరితోపాటు మోకరిల్లాను. యజమానురాలి పేరు ముందు చెప్పాను. నా పేరు తర్వాత.